రోమక శిల్పంలో పరజాతులు, ఆంధ్ర శిల్పంలో శకయవనులు

జంషెడ్‌పూర్‌కు దక్షిణంగా సింగ్‌భూమ్ ఎల్ల దాటగానే ఒకప్పటి మయూర్‌భంజ్ సంస్థానపు భూమి మొదలవుతుంది. అందులో బామన్‌ఘాటీ అనే సీమకు చరిత్రలో రెండు విధాల స్థానమున్నది. 1904లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోస్ అక్కడి గోరుమహిసానీ కొండలలోని ఇనుపరాతిని గూర్చి టాటాలకు లేఖ వ్రాసినాడు. సాక్చీ అనే పల్లె ఉక్కునగరం కావడానికి ఆ లేఖ ఒక ముఖ్యకారణమైనది. అంతకు ముందే, పందొమ్మిదవ శతాబ్దిలో, ఆ సీమలోనే రోమక చక్రవర్తుల బంగారు నాణేలు బయటపడినవి. గోర్డియన్, కాన్‌స్టంటైన్ మొదలైనవారి నాణేలు వాటిలో ఉన్నట్లు పురావస్తుశాఖ నివేదికలలో నమోదై ఉన్నది. తామ్రలిప్తి రేవునుండి లోనాటికి సాగిన వర్తకపు దారులలో అవి ఇంతదూరం వచ్చి ఉండవచ్చునని పండితులు ఊహించినారు.

ఆ నాణేన్ని మొదట చేత పట్టుకొన్నవాడికి దాని మీది లిపి తెలియదు. తెలిసినది ముఖమొక్కటే. కండ్లు, ముక్కు, గడ్డం, తలమీది అలంకారం చూచి, ఎక్కడో ఇట్టి మనుష్యులు ఉన్నారు కాబోలునని అతడు అనుకొని ఉంటాడు. రోమకుడు తన ముఖాన్ని ఆ విధంగా లోకమంతటికీ పంపినాడు. మరి ఇతరుల ముఖాన్ని అతడు ఎట్లా చూచినాడు? రాతిలో, లోహంలో, దంతంలో పరజాతివాణ్ణి ఎట్లా నిలిపినాడు? ఆ కాలంలోనే పరదేశులను కండ్లారా చూచిన ఆంధ్రశిల్పి వారిని ఎట్లా చెక్కినాడు? ఈ ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక కళాచరిత్రాంశం తెలియడమే కాక, మనిషి మనిషిని చూచే చూపును గూర్చి కూడ కొంత తెలుస్తుంది.

రోమక నాణేనికి ఒక వైపు చక్రవర్తి ముఖముంటే, రెండవ వైపున తరచుగా ఓడిన జాతి కనిపిస్తుంది. క్రీ. శ. 70లో జెరూసలేము రోమకుల వశమైన తరువాత వెస్పేసియన్ చక్రవర్తి వేయించిన నాణేలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వాటి మీద ఒక ఖర్జూరవృక్షమున్నది. దాని మొదట ఒక స్త్రీ చెక్కిట చేయి చేర్చి, తల వంచి కూర్చున్నది. కొన్నిటిలో చెట్టుకు ఆవలివైపున చక్రవర్తి ఈటె పట్టి నిలిచి ఉంటాడు. కొన్నిటిలో చేతులు వెనుకకు కట్టబడిన బందీ ఒకడుంటాడు. ‘వశమైన యూడియా’ అని పైన వ్రాత. ఒక దేశం, ఒక మతం, వేల యిండ్లు, అన్నీ కలిసి ఏడ్చే ఒక స్త్రీ అయినవి. చెట్టును చూచి దేశాన్ని గుర్తించాలి, కూర్చున్న తీరును చూచి ఓటమిని గుర్తించాలి. ఆ స్త్రీకి వేరే పేరు అక్కరలేదు. ఈ పద్ధతిలోనే డేసియా, జర్మేనియా, ఆర్మీనియా మొదలైన దేశాలు నాణేల మీద స్త్రీలై కూలబడినవి. ఆసియామైనరులోని అఫ్రోడీసియాస్ నగరంలో దొరికిన ఒక ఫలకంలో క్లాడియస్ చక్రవర్తి బ్రిటన్ దేశాన్ని జయించడం చెక్కబడినది. అక్కడ బ్రిటన్ నేలమీద పడిన స్త్రీ. చక్రవర్తి ఆమె జుట్టు పట్టుకొని కొట్టబోతున్నాడు.

ఈ కళకు శిఖరం రోము నగరంలోని ట్రాజన్ స్తంభం. క్రీ. శ. 101-102లోను, 105-106లోను ట్రాజన్ చక్రవర్తి డాన్యూబ్ నదికి ఆవల ఉన్న డేసియనులతో రెండు యుద్ధాలు చేసినాడు. ఆ దేశమే నేటి రుమేనియా. ఆ విజయానికి గుర్తుగా 113లో ఈ స్తంభం ప్రతిష్ఠితమైనది. చలువరాతి స్తంభానికి తీగ చుట్టినట్లు కిందినుండి పైదాకా దాదాపు 200 మీటర్ల పొడవున ఒకే శిల్పకథ సాగుతుంది. అందులో రమారమి 2,500 మూర్తులున్నవి. నదీదేవత నీటిలోనుండి తల యెత్తి చూస్తుండగా రోమక సేన పడవల వంతెన మీద డాన్యూబ్‌ను దాటడంతో కథ ఆరంభమవుతుంది. సైనికులు చెట్లు నరుకుతారు, కోటలు కడతారు, బలులు అర్పిస్తారు. నడుమనడుమ యుద్ధం. రోమకుడు గడ్డం తీయించి, క్రమశిక్షణతో వరుసలో నిలిచినవాడు. డేసియనుడు గడ్డం పెంచినవాడు. చింపిరి జుట్టు, కాళ్లకు లాగు, నడుముకు కట్టిన పొట్టి చొక్కాయి. వారిలో కులీనులకు మెత్తని టోపీ గుర్తు. వారికి సాయం వచ్చిన సార్మేషియన్ రౌతులకు ఒడలంతా చేప పొలుసులవంటి కవచం. వారి గుర్రాలకు కూడ అదే కవచం తొడిగినాడు శిల్పి.

ఐతే ఈ స్తంభాన్ని కేవలం విజేత గర్వానికి గుర్తుగా కొట్టివేయలేము. కథాంతంలో డేసియనుల రాజు డెసిబలస్ కనిపిస్తాడు. రోమక రౌతులు అతణ్ణి తరుముకొని వచ్చినారు. ఒక చెట్టు కింద మోకాలి మీదికి ఒరిగి, వంకర కత్తిని తన కంఠానికే అతడు తగిలించుకొంటున్నాడు. గుర్రం మీదివాడి చేయి అతని వైపు చాచి ఉన్నది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే రాజు బందీ అయ్యేవాడు. ఆ క్షణాన్ని శిల్పి అతనికి ఇవ్వలేదు. బందీగా రోము వీథులలో నడవవలసినవాణ్ణి స్వతంత్రునిగా మరణింపనిచ్చినాడు. ట్రాజన్ సభాంగణంలో నిలిపిన డేసియన్ బందీల ప్రతిమలలోను ఇట్టి గాంభీర్యమే ఉన్నది. చేతులు ముందు కట్టుకొని, కండ్లు దించి, నిండైన వస్త్రాలతో నిలిచిన ఆ పురుషులు దీనులు కారు. మౌనంగా ఉన్న రాజులవలె ఉన్నారు.

రోమకులకు ఈ దృష్టి గ్రీకులనుండి సంక్రమించినది. రోములోని కేపిటోలిన్ ప్రదర్శనశాలలో ఉన్న ‘మరణిస్తున్న గాల్’ అనే చలువరాతి విగ్రహం పెర్గమమ్ నగరంలో క్రీ. పూ. మూడవ శతాబ్దిలో వెలసిన ఒక విగ్రహానికి ప్రతి అని పండితుల అభిప్రాయం. మెడలో మెలిపెట్టిన కడియం, మీసం, బిరుసు జుట్టు అతణ్ణి పరజాతివాడని చెప్పుతున్నవి. కాని పక్క గాయంనుండి నెత్తురు కారుతుండగా చేతి మీద ఆనుకొని లేవజూచే ఆ దేహంలో ఉన్నది మానవసామాన్యమైన బాధ. శత్రువునకు ఇంత గౌరవమెందుకు? మన ఆలంకారికులు దీనికి సమాధానం ఎన్నడో చెప్పినారు. ప్రతినాయకుని వంశాన్ని, శౌర్యాన్ని, పాండిత్యాన్ని వర్ణించి, అట్టివాణ్ణి జయించినాడని చెప్పడం వలన నాయకుని ఉత్కర్ష వెల్లడి అవుతుందని దండి కావ్యాదర్శంలో అన్నాడు. అల్పుణ్ణి గెలిచినవాడికి కీర్తి లేదు. కనుక పరాజితుని గొప్పతనం విజేత ఖాతాలోనే జమపడుతుంది. డేసియన్ ప్రతిమల గాంభీర్యానికి మొదటి కారణమిది. కాని కారణమిదొక్కటే అయితే ఆ ముఖాలు ఇంతగా మనస్సులో నిలువవు. ప్రభువు కోరినది ప్రతినాయకుణ్ణి; ఉలి పట్టినవాడు చెక్కుతూ చెక్కుతూ మనిషిని చూచినాడు.

ఆ చూపు ఎల్లకాలం నిలువలేదు. ట్రాజన్ స్తంభానికి అనుకరణగా రెండవ శతాబ్ది చివర మార్కస్ ఆరీలియస్ స్తంభం వచ్చినది. డాన్యూబ్ తీరంలో జర్మన్, సార్మేషియన్ జాతులతో ఆ చక్రవర్తి చేసిన యుద్ధాలు అందులోని కథ. తాత్త్వికునిగా ప్రసిద్ధి కెక్కిన ఈ చక్రవర్తి స్తంభం మీద క్రౌర్యం హెచ్చు. గుడిసెలు మండుతున్నవి, బందీల తలలు నరుకుతున్నారు, స్త్రీలను జుట్టు పట్టి ఈడుస్తున్నారు. మూర్తుల లోతు పెరిగినది, ముఖాలలో భయం పెరిగినది, పరజాతివానికి మునుపున్న నిబ్బరం పోయినది. సరిహద్దులు నిలుస్తాయో నిలువవో అనే కలవరం రోమకులలో ప్రవేశించిన కాలమది. భయపడినవాడు శత్రువునకు గౌరవమివ్వలేడు. మరి నూరేండ్లకు పైగా గడిచిన తరువాత, 315లో, కాన్‌స్టంటైన్ తన విజయతోరణాన్ని కట్టించినప్పుడు ట్రాజన్ కాలపు డేసియన్ ప్రతిమలు ఎనిమిదింటిని తెచ్చి దాని స్తంభాల నెత్తిన నిలిపినారు. బామన్‌ఘాటీ నాణేల చక్రవర్తులలో ఒకడు ఈ కాన్‌స్టంటైన్. ఇతడు డేసియాను జయించినవాడు కాడు. తోరణం కూడ సాటి రోమకుడైన మాక్సెన్షియస్‌ను ఓడించినందుకు కట్టినది. అయినా విజయమన్న తరువాత తోరణం మీద ఎవడో ఒక పరజాతివాడు తల వంచి నిలువవలసినదే. డేసియనుడు అప్పటికి డేసియనుడు కాకుండ పోయినాడు. వట్టి పరాయివాడుగా మిగిలినాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఇంకొకటి ఉన్నది. ట్రాజన్ స్తంభం మీద వింతగా కనిపించే డేసియనుడు తన ఊరిలోనే ఉన్నాడు. నది దాటి వచ్చినవాడు రోమకుడు. చెట్లు నరికినది, దారులు వేసినది, గనులలోని బంగారాన్ని తవ్వుకొన్నది రోమకుడు. ట్రాజన్ సభాంగణం ఆ యుద్ధంలో దోచిన సొత్తుతోనే లేచినది. కాని కథను చెక్కించినవాడు ఎవడో వాడే సొంతమనిషి, చెక్కబడినవాడు పరాయి. స్తంభం చివరి దృశ్యాలలో డేసియనులు పిల్లలను, పశువులను వెంటబెట్టుకొని తమ నేలను విడిచి పోతూ కనిపిస్తారు.

రోమకులు జయింపని దేశాలున్నవి. వాటిలో ఒకటి మన దేశం. హిందూదేశపు రాజులవద్దనుండి తనవద్దకు తరచుగా రాయబారులు వచ్చినారని అగస్టస్ తన ఆత్మచరిత్ర శాసనంలో చెప్పుకొన్నాడు. ఏటా 5 కోట్ల సెస్టెర్సుల ధనం హిందూదేశానికి తరలిపోతున్నదని ప్లీనీ వాపోయినాడు. యుద్ధం లేదు, వర్తకమున్నది. ఐనా శిల్పంలో విజయం రాకతప్పలేదు. అది పురాణం దారిన వచ్చినది. మద్యదేవత డయొనైసస్ హిందూదేశాన్ని జయించి తిరిగివస్తున్న ఊరేగింపు రెండవ, మూడవ శతాబ్దుల రాతి శవపేటికల మీద రోమక ధనికులకు ప్రీతిపాత్రమైన వస్తువు. చిరుతలు లాగే రథం మీద దేవుడు; వెంట ఏనుగులు, వింతమృగాలు; కొన్నిటిలో ఏనుగుల మీద భారతీయ బందీలు. ఆసియామైనరులోని లాంప్సకస్‌లో దొరికిన, కొంత తరువాతి కాలపు వెండి పళ్లెరం ఒకటి ఇస్తాంబుల్ ప్రదర్శనశాలలో ఉన్నది. దాని మీద హిందూదేశం ఒక స్త్రీ. ఏనుగు దంతాలు కాళ్లుగా గల ఆసనం మీద కూర్చున్నది. చుట్టూ చిలుక, కోతులు, క్రూరమృగాలు. ఆమె ఏడవడం లేదు, ఓడిపోలేదు. కాని ఆమె చుట్టూ మనుష్యులకన్న సరకులే ఎక్కువ ఉన్నవి. యుద్ధం చూపు మనిషిని బందీగా చూస్తే, వర్తకం చూపు వస్తువుగా చూచినది.

అదే వర్తకపు దారిలో మన శిల్పి చెక్కిన బొమ్మ ఒకటి రోమకుల యింటికి చేరినది. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే నగరంలో 1938లో మయూరీ అనే ఇటాలియన్ శాస్త్రజ్ఞునికి జానెడుకు కొంచెం మించిన దంతపు స్త్రీమూర్తి దొరికినది. మెడ నిండ హారాలు, చేతులనిండ కడియాలు, ఇరుప్రక్కల చిన్న పరిచారికలు. లక్ష్మి అని పేరు పడినది కాని యక్షిణి అనడమే యుక్తమని పలువురి అభిప్రాయం. తేర్, భోకర్దన్ వంటి దక్కను స్థలాలలో దీనికి పోలిన మూర్తులు దొరకడం వలన, ఇది శాతవాహనుల సీమలో పుట్టినదై ఉండవచ్చునని పండితులు భావిస్తున్నారు. రోమకుడు మనలను చెక్కిన చెక్కడానికి పక్కన ఈ బొమ్మను పెట్టి చూడాలి. ఇందులో ఏనుగు లేదు, చిలుక లేదు, వింత లేదు. తన యింటి స్త్రీని శిల్పి ఎట్లా చూచినాడో అట్లా చెక్కినాడు. వింత అన్నది చూచేవాడి కంటిలో ఉన్నది.

ఇక రోమకుల నాణేలు తెలుగుదేశంలో దొరికిన తావులు పెక్కు. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో వేయికి మించిన వెండి నాణేల నిధి బయటపడినది. మెదకు సీమలోని కొండాపురం తవ్వకాలలో రోమక నాణేలకు మట్టితో చేసిన అనుకరణలు దొరికినవి; టైబీరియస్ ముఖాన్ని మట్టిలో దించుకొని, మెడలో వేసుకొనే బిళ్లలుగా వాడుకొన్నారు. చక్రవర్తి ముఖం ఇక్కడ ఆభరణమైనది. మసాలియా తీరమని గ్రీకు నావికుడు పెరిప్లస్ గ్రంథంలో వ్రాసినది మన కృష్ణాతీరమే. పరదేశి ఇక్కడివారికి కథలలోని వ్యక్తి కాడు. రేవులో, సంతలో, రాజవీథిలో కనిపించేవాడు.

శాతవాహనులకు కూడ పరదేశులతో యుద్ధాలు జరిగినవి. గౌతమీపుత్ర శాతకర్ణి శకులను, యవనులను, పహ్లవులను నిర్మూలించినాడని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక గుహలో వేయించిన శాసనం ఘనంగా చాటుతున్నది. భాషలో రోమక చక్రవర్తుల ప్రశస్తులకు అది తీసిపోదు. ఐతే ఆ విజయాన్ని చెక్కిన శిల్పస్తంభమేదీ మనకు దక్కలేదు. కాళ్లు చేతులు కట్టిన శకుడు, జుట్టు పట్టి ఈడ్వబడే యవనస్త్రీ ఆంధ్రశిల్పంలో ప్రసిద్ధ వస్తువులు కారు. ఇంకొక విశేషం: అదే నాసిక కొండలో మరియొక గుహను తొలిపించినవాడు ఇంద్రాగ్నిదత్తుడనే యవనుడు. తాను ఉత్తరాపథమునుండి వచ్చిన దాత్తామిత్రీ నగరవాసినని అతడు శాసనంలో చెప్పుకొన్నాడు. కార్లే చైత్యంలో స్తంభాలను దానం చేసినవారిలోను యవనులున్నారు. యవనులను నిర్మూలించినామన్న మాట, యవనుడు చేసిన దానం ఒకే కొండలో ఉన్నవి. ప్రశస్తిలోని శత్రువునకు పేరు లేదు. దాతకు పేరున్నది, ఊరున్నది.

శిల్పంలో పరదేశి సాధారణంగా రెండు తావులలో కనిపిస్తాడు. ఒకటి స్తూపం ముందు. సాంచీ మహాస్తూపపు ఉత్తర తోరణం మీద ఒక పరదేశుల గుంపు స్తూపాన్ని అర్చిస్తున్నది. పొట్టి చొక్కాయిలు, భుజాల మీద దుప్పట్లు, తలకు పట్టీలు, కాళ్లకు పాదరక్షలు. చేతులలో జంటపిల్లనగ్రోవులు, పొడవైన కొమ్ములు, మద్దెలలు. వారి వేషం వేరు, వాద్యం వేరు. కాని వారు చేసే పని ఇతరులు చేసేదే. శాతకర్ణి శిల్పులకు పెద్దయైన ఆనందుడు తన పేరు చెక్కించుకొన్న దక్షిణ తోరణం కూడ ఈ స్తూపానిదే.

రెండవ తావు రాజప్రాసాదం. ఇందుకు నాగార్జునకొండ ముఖ్యస్థానం. కృష్ణాతీరాన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చినవి. లాంగ్‌హర్స్ట్ 1927-31లో అక్కడ తవ్వకాలు జరిపించినాడు. రాజప్రాసాదమని చెప్పబడిన చోట దొరికిన ఒక చెక్కడపు స్తంభం మీద ఒక శకభటుడున్నాడు. పొడవు చేతుల దళసరి చొక్కాయి, కాళ్లకు లాగు, తలమీద శిరస్త్రాణం, చేత ఈటె. అక్కడనే మరియొక మూర్తి: నడుము పైభాగం నగ్నంగా, గడ్డంతో, చేత కొమ్ముగిన్నె పట్టుకొని నిలిచినవాడు, పక్కన మద్యభాండం. ఇతణ్ణి చూచినవారికి డయొనైసస్ జ్ఞప్తికి వచ్చినాడు. రోములో హిందూదేశాన్ని జయించిన దేవుడు విజయపురిలో ఒక స్తంభం మీద మద్యపాత్రతో నిలిచి, రాజులను వినోదింపజేస్తున్నాడు.

శకభటుడు విజయపురికి రావడానికి కారణం వెదకనక్కరలేదు. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని రాణులలో ఒకతె ఉజ్జయినీ మహారాజు కూతురైన రుద్రధరభట్టారిక. ఉజ్జయిని ఆ కాలాన శక క్షత్రపులది. మోదుడనే శకుని సోదరి ఒకతె కూడ నాగార్జునకొండ శాసనంలో కనిపిస్తున్నది. గౌతమీపుత్రుడు నిర్మూలించినాడన్న జాతి నూరేండ్ల తరువాత తెలుగు రాజు యింటికి వియ్యమందుకొన్నది. ఆ రాణి వెంట, ఆ వియ్యం వెంట భటులు వచ్చి ఉంటారు. శిల్పి వారిని రోజూ వాకిట చూచినాడు. అందుకే ఆ దుస్తుల మడతలు ఊహించి చెక్కినవిగా తోచవు.

రోమకశిల్పాన్ని, ఆంధ్రశిల్పాన్ని పక్కపక్కన పెట్టినప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది. రెండు చోట్లా పరదేశికి గుర్తు లాగు. రోమకుడు కుట్టని టోగాను ఒంటికి చుట్టుకొనేవాడు. ఆంధ్రుడు కుట్టని ధోవతిని, ఉత్తరీయాన్ని ధరించేవాడు. కాళ్లకు కుట్టిన బట్ట తొడిగేవాడు ఉభయులకూ వింతమనిషే. డేసియనులు, సార్మేషియనులు, పార్థియనులు, శకులు మొదలైన గుర్రపుజాతులకు, చలిదేశపువారికి అది నిత్యవేషం. చెట్టుచేమలు లేని మైదానాలలో గుర్రమెక్కి తిరిగే మనుష్యుణ్ణి పడమట టైబర్ ఒడ్డున ఉన్నవాడు, దక్షిణాన కృష్ణ ఒడ్డున ఉన్నవాడు ఒకే గుర్తుతో గుర్తించినారు. ఐతే లాగు తొడిగినవాణ్ణి రోమకుడు మోకాళ్ల మీద నిలిపినాడు. ఆంధ్రుడు ద్వారం పక్కన నిలిపినాడు. కాలం ఇంకొక పరిహాసం చేసినది. రోమక సైనికులే క్రమంగా లాగులు తొడిగినారు. నాలుగవ శతాబ్ది చివర హొనోరియస్ చక్రవర్తి రోము నగరంలో లాగులు ధరింపరాదని శాసించవలసి వచ్చినది. పరాయివాడి గుర్తు రోమకుల ఒంటి మీదికి వచ్చినందుననే ఆ నిషేధం.

ఇంతమాత్రం చేత ఆంధ్రుల చూపు నిర్మలమని, రోమకుల చూపు దుష్టమని తీర్పు చెప్పరాదు. ద్వారం పక్కన నిలిచినవాడు సేవకుడే. యవనభటులు తమిళుల ముల్లైప్పాట్టులో రాజశిబిరానికి కావలి కాస్తారు. కాళిదాసు శాకుంతలంలో యవనస్త్రీలు రాజు వెంట విల్లు పట్టుకొని వస్తారు. ఇది ఒక సంప్రదాయమైనది. పరదేశిని వాకిట నిలిపితే రాజు ఘనత హెచ్చుతుంది. మ్లేచ్ఛుడన్న మాట మన గ్రంథాలలో గౌరవవాచకం కాదు. రోమకుని ఎదుట మోకరించిన డేసియనుడు ఎట్లా ఒక మూస అయినాడో, మన వాకిటి శకుడు కూడ కొంతవరకు అట్లే మూస అయినాడు. నాగార్జునకొండలో యుద్ధాలలో మరణించిన తమ వీరులకు ఛాయాస్తంభాలు నిలిపినారు, పేర్లు చెక్కినారు. ఈటె పట్టిన శకుని పేరు మాత్రం చెక్కలేదు.

కనుక భేదం మంచిచెడ్డలలో కాదు, పరదేశికి దక్కిన అవకాశంలో ఉన్నది. దక్కనులో యవనుడు, శకుడు శిల్పంలో మూగవాడైనా శాసనంలో మాట్లాడినాడు. తన పేరు, తన ఊరు, తన దానం తానే చెప్పుకొన్నాడు. డేసియనులు తమ యుద్ధాన్ని గూర్చి తాము వ్రాసుకొన్న కథ మనకు దక్కలేదు. ట్రాజన్ స్తంభమే వారి చరిత్ర అయినది. రోమకులలో ఈ లోటును గుర్తించినవారు లేకపోలేదు. టాసిటస్ 98 ప్రాంతాన తన మామగారి చరిత్ర వ్రాస్తూ, బ్రిటన్ ఉత్తరభాగపు నాయకుడు కల్గాకస్ నోట రోమకుల దోపిడిని తీవ్రంగా నిందించే ఒక ఉపన్యాసాన్ని పలికించినాడు. ఆ ఉపన్యాసం టాసిటస్ కల్పనే కావచ్చును, లాటిన్ భాషలోనే ఉన్నది. అయినా తన జాతిని ఎదుటివాడి కంటితో చూడడానికి ఒక రచయిత చేసిన యత్నమది. అనువాదమనే పనికి మూలమైన ధర్మం కూడ ఇదే. ఎదుటివాడి మాటను మన భాషలోకి తెచ్చినప్పుడు అతడు మన వాకిట కావలివాడుగా నిలుస్తాడా, తన పేరు తాను చెప్పుకొంటాడా అన్నదే అనువాదకునికి పరీక్ష.

ఈ పరీక్ష గ్రంథాలకే పరిమితం కాదు. బామన్‌ఘాటీ ఇనుపరాతి మీద ఆధారపడి 1908లో సాక్చీలో కర్మాగార నిర్మాణం ఆరంభమైనది. 1912లో ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయినది. దేశం నలుమూలలనుండి పనివారు వచ్చినారు. వారిలో తెలుగువారు కూడ ఉన్నారు. కొలిమి దగ్గర పనిచేసినారు, కాపురాలు పెట్టినారు, గుడులు కట్టుకొన్నారు, తరాలు గడిపినారు. సువర్ణరేఖా ఖర్కాయీ నదుల నడుమనున్న ఆ నేల అంతకు ముందు హో, సంతాల్, భూమిజ్ జనులది. అడవి నరికి, దారులు వేసి, గనులు తవ్విన కథలో వారు తరచుగా చిత్రపటం అంచున కనిపించే వింతవేషపు మనుష్యులుగానే మిగిలినారు. బయటినుండి వచ్చినవాణ్ణి ఆ జనులు ‘దికు’ అంటారు. విజయపురిలో శకుణ్ణి చెక్కినవారి వారసుడు సాక్చీలో దికు అయినాడు. ఒకచోట ఉలి తన చేతిలో ఉన్నవాడు మరియొకచోట చూడబడేవాడు కావడం చరిత్రలో వింత కాదు.

కృష్ణానదికి నాగార్జునసాగరం ఆనకట్ట కట్టినప్పుడు విజయపురి నీట మునిగినది. తవ్వి తీసిన శిల్పాలను కొండమీదికి చేర్చినారు. ఆ కొండ నేడు ద్వీపమైనది, దాని మీది ప్రదర్శనశాలకు పడవలో పోవాలి. తాను కావలి కాచిన వాకిలి నీటి అడుగున ఉన్నా, శకభటుడు రాతిలో ఈటె దించలేదు. ఆతని వేషం మనకు తెలుసును, ఆయుధం తెలుసును, ఏ వియ్యం వెంట వచ్చినాడో కూడ ఊహింపగలము. పేరు మాత్రం ఆతణ్ణి రోజూ వాకిట చూచి చెక్కిన శిల్పికి తెలిసి ఉంటుంది.